ట్యాంకర్ బిల్లు ఎవరి నెత్తిన?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ లెక్కలు చూసేది నేనే. ఏప్రిల్ వస్తే ట్యాంకర్ బిల్లులతో తల ప్రాణం తోకకొస్తుంది. మూడో ఫ్లోర్ ఆయన పైపు పెట్టి కారు కడిగినా, ఒంటరిగా ఉండే మామ్మగారు రెండు బకెట్లతో సరిపెట్టుకున్నా మెయింటెనెన్స్ ఒకటే. ఇక పొదుపు ఎవరు చేస్తారు?

2018 కరవులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్లే అంది, ఎక్కువ వాడితే రేటు పెంచింది. వాన నీటిని నేలలోకి ఇంకించాలని చెప్పే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మనకూ ఉంది. మా ఇంకుడు గుంత మీద మాత్రం స్కూటర్లు పార్క్ చేస్తున్నారు! ఊరికి నీళ్లిచ్చే రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాలు అడుగంటాక మీటింగులు పెట్టి ఏం లాభం? ఫ్లాట్‌కో మీటరు తప్పనిసరి చేయాలి.

ఆ మాటెత్తితే, "మీటర్ల ఖర్చెవరు పెట్టుకుంటారండీ?" అన్నారు మూడో ఫ్లోర్ ఆయన. ట్యాంకర్ ఖర్చు కనబడదు కాబోలు. వచ్చే మీటింగ్‌కి కొటేషన్లు పట్టుకెళ్తున్నా.