మబ్బుకు ఏ పక్క నుంచి

ఏప్రిల్లో ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ముందు అడిగేది "తిన్నావా" అని కాదు, "అక్కడ మబ్బుందా" అని. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఆ రోజుల్లో కల్లంలో మిర్చి ఆరుతూ ఉంటుంది. ఒక్క జల్లు పడితే రంగు పోతుంది, రేటు పోతుంది. "మబ్బేస్తే మేం పట్టాలు కప్పుకుంటాం. పైన మీరేం చేస్తార్రా?" అన్నాడు మొన్న. పక్కకు తప్పుకుంటామన్నాను. "ఎవర్నడిగి?" అన్నాడు.

నవ్వాను గానీ, నా ఉద్యోగంలో టెన్షన్ అంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. నేను ఏ320 విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌ని. నాన్నకు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి చేరి ఏడాది కూడా కాలేదు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా, సాయంత్రం ఫ్లైట్. వేసవి మొదట్లో ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద మధ్యాహ్నం ఎండకు పుట్టే తుపాను మబ్బులు సాయంత్రానికి ఆగ్నేయంగా బెంగాల్, ఒడిశా వైపు కదులుతాయి. బెంగాలీలు కాలబైశాఖి అంటారు. అందుకే మా కెప్టెన్ మేడం ఆ రోజు బయల్దేరే ముందే 800 కిలోల ఇంధనం అదనంగా వేయించారు. మా విమానానికి అది ఇరవై నిమిషాల తిండి.

ఒడిశా మీదికి వచ్చేసరికి కనిపించింది. పొద్దు గుంకుతోంది, మా ముందు మబ్బు మొత్తం గులాబీ రంగులో కాలీఫ్లవర్‌లా ఉబ్బి ఉంది. మేం 37,000 అడుగుల్లో ఉన్నాం, దాని తల ఇంకా మా పైనే ఉంది. పైనుంచి దాటేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఈ మబ్బులు 50,000 అడుగులు కూడా దాటతాయి, మా విమానం 39,000 దాటి పెద్దగా ఎక్కలేదు. కింద నుంచి దూరడం అంటే వడగళ్ళకూ కిందికి తోసే గాలికీ ఎదురెళ్ళడమే. ఇక మిగిలింది పక్కకు పోవడం.

మా విమానం ముక్కులో ఉన్న రాడార్ నీటిని చూస్తుంది, మబ్బును కాదు. వాన తక్కువైతే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, ఎరుపు. మేం ఎగిరే ఎత్తులో మబ్బులో ఉండేది ఎక్కువగా మంచు పలుకులు, వాటి నుంచి రాడార్‌కు జవాబు సరిగ్గా రాదు. నేరుగా ముందుకు చూస్తే ఎంత పెద్ద మబ్బైనా పిల్లమబ్బులా కనిపిస్తుంది. అందుకని రాడార్‌ని కొంచెం కిందికి వంచి, తడిగా ఉండే నడుము భాగాన్ని చూడాలి. ఇంకో మోసం కూడా ఉంది. ముందున్న భారీ వాన రాడార్ శక్తినంతా మింగేస్తే దాని వెనక ఏమీ లేనట్టు నల్లగా కనిపిస్తుంది. దాన్ని దారి అనుకుంటే అంతే సంగతులు. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో అట్లాంటాకు వెళ్తున్న సదరన్ ఎయిర్‌వేస్ 242 అనే డీసీ-9 విమానం తుపానులో దూరింది. వానకీ వడగళ్ళకీ రెండు ఇంజన్లూ ఆగిపోయి రోడ్డు మీద దిగబోయి కూలింది. కింద ఉన్నవాళ్ళతో కలిపి 72 మంది చనిపోయారు. ట్రైనింగ్‌లో మాకు ఆ కథ చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

రేడియో ఆ రోజు నా చేతిలో ఉంది. మబ్బు 80 మైళ్ళ దూరంలో ఉండగానే అడిగి ఉండాల్సింది. మా వేగానికి అది పది నిమిషాలు. దగ్గరికెళ్తే సందు దొరకొచ్చని చూస్తూ కూర్చున్నాను. మేడం ఒకసారి నావైపు చూశారు, ఏమీ అనలేదు. 45 మైళ్ళకొచ్చాక అడిగాను: "రిక్వెస్ట్ ఫార్టీ మైల్స్ లెఫ్ట్ ఆఫ్ ట్రాక్, డ్యూ వెదర్." మబ్బు వల్ల మా దారికి ఎడమగా 40 మైళ్ళు తప్పుకుంటామని.

"స్టాండ్‌బై," ఆగమన్నారు కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్.

అప్పటికే ఫ్రీక్వెన్సీ సంతలా ఉంది. ఒకరికి కుడి, ఒకరికి ఎడమ, ఒకరికి వెనక్కి పోవడం. కంట్రోలర్ తెర మీద ముఖ్యంగా ఉండేవి విమానాలు; నా కిటికీలో ఉన్న గులాబీ గోడ ఆయనకు కనిపించదు. నాకేమో ఆయన చూస్తున్న విమానాలు కనిపించవు. అరనిమిషం తర్వాత జవాబొచ్చింది: ఎడమ వైపు మీ ఎత్తులోనే ఇంకో విమానం అడ్డంగా దాటుతోంది, కుడికి వెళ్తారా?

నేను సరే అనబోయాను. మేడం చెయ్యి అడ్డుపెట్టి, తనే మైక్ అందుకుని "అన్ఏబుల్ రైట్" అన్నారు, కుడికి వెళ్ళలేం అని. పైగాలి పడమర నుంచి వీస్తోంది. మబ్బు తల గొడుగులా కుడివైపుకే సాగి ఉంది. ఆ గొడుగు కింద ఆకాశం తేటగానే ఉంటుంది, కానీ మబ్బు విసిరిన వడగళ్ళు అక్కడే పడతాయి. గాలి వచ్చే వైపు నుంచే దాటాలి, అదీ 20 మైళ్ళు తగ్గకుండా. నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న ముక్కే అది. రాడార్ మీద కుడివైపు శుభ్రంగా కనబడగానే మర్చిపోయాను.

"వెదర్ డీవియేషన్ రిక్వైర్డ్" అన్నారు మేడం, అంటే మబ్బు నుంచి తప్పుకోక తప్పదు అని. ఆ మాటకు బరువెక్కువ, కంట్రోలర్ మిగతా పనులు పక్కనపెట్టి చూస్తాడు. ఆయన ఆ అడ్డం వచ్చే విమానాన్ని 2,000 అడుగులు కిందికి దింపి, మాకు ఎడమ ఇచ్చారు. అప్పటికి మబ్బు 30 మైళ్ళు. అదే నేను 80 మైళ్ళప్పుడే అడిగి ఉంటే ఆ విమానాన్ని దింపాల్సిన పనే ఉండేది కాదేమో.

తిరిగాక కూడా పది నిమిషాలు కుదుపులే. సీటు బెల్టు గుర్తు వెలిగి టీ సర్వీసు ఆగిపోయింది. దిగేటప్పుడు ఒకాయన "పావుగంట లేటు" అని విసుక్కుంటూ వెళ్ళాడు. ఆయన కిటికీ బయట ఏముందో ఆయన చూడలేదు, నేనూ చెప్పలేదు.

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న విమానం వడగళ్ళలో చిక్కుకుని, ముక్కు దెబ్బతిని, క్షేమంగా దిగింది కదా. సరిహద్దు వైపు తప్పుకుంటామని అడిగితే కుదరలేదని, పాకిస్తాన్ వైపు లాహోర్ కంట్రోల్‌ను అడిగితే వాళ్ళూ ఒప్పుకోలేదని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. వెనక్కి ఎందుకు తిరగలేదని నా స్నేహితులంతా అడిగారు. తిరగాలనే అనుకున్నారు, అప్పటికే మబ్బు మరీ దగ్గరపడింది. కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు చేతకాదు. అక్కడ అడిగినా దారి దొరకలేదు. దారి దొరికే చోట నేనే ఆలస్యంగా అడిగాను.

ఆ రాత్రి కోల్‌కతా హోటల్ నుంచి నాన్నకు ఫోన్ చేశాను. కల్లం సంగతి అడిగితే మాకు చుక్క పడలేదన్నాడు. మా సంగతి చెప్పాను.

"ఏ పక్క నుంచి దాటారు?"

"గాలొచ్చే పక్క నుంచి నాన్నా."

"మరి, అంతేగా" అని ఫోన్ అమ్మకిచ్చాడు.