ఫౌండ్ రాలేదంటే క్లీన్ అని కాదు

కర్నూలులో కాలేజీలకు, చిన్న ఆఫీసులకు అప్లికేషన్లు రాసిచ్చే పని నాది. అడ్మిషన్లు మొదలయ్యాయంటే టీసీ, కులం సర్టిఫికెట్, ఆధార్, మార్కుల మెమో అన్నీ అప్‌లోడ్ అయ్యి డేటాబేస్‌లో బ్లాబ్ కాలమ్‌లో, అంటే ఫైలును ఉన్నదున్నట్టు దాచే గడిలో పడతాయి. అవి ఎక్కడ స్కాన్ చేయించుకుని వస్తాయో తెలియాలంటే రాజ్‌విహార్ వైపు ఏదైనా జిరాక్స్ షాపులో కాసేపు నిలబడి చూడండి. ఒకే కంప్యూటర్‌కు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతుంటారు, వైరస్ పట్టి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయిన పెన్‌డ్రైవ్ కనిపించినా అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అక్కడి నుంచి వైరస్ కూడా రావచ్చు, అప్‌లోడ్ అయ్యే ప్రతి ఫైలునూ స్కాన్ చేయాలి అని చెబితే ఆఫీసువాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే. "సర్వర్‌లో యాంటీవైరస్ డబ్బులు పెట్టి వేయించినాం కదా సార్, మళ్లా ఇదేంది?"

ఆ యాంటీవైరస్‌కు డేటాబేస్ లోపల ఏముందో కనిపించదు. బ్లాబ్‌గా దాచిన పీడీఎఫ్ డిస్కు మీద విడి ఫైలుగా ఉండదు, డేటాబేస్ పేజీల్లో ముక్కలై కలిసిపోయి ఉంటుంది. పైగా మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే దాని డేటా, లాగ్ ఉండే ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ ఫైళ్లను స్కాన్ నుంచి మినహాయించమని మైక్రోసాఫ్టే చెబుతుంది. అది సరైన సలహానే, యాంటీవైరస్ పొరపాటున డేటా ఫైలునే క్వారంటైన్‌లో పెట్టిందనుకోండి, ఒక్క కుర్రాడి మెమో కోసం కాలేజీ మొత్తం డేటాబేస్ ఆగిపోతుంది. వైరస్ డేటాబేస్‌లో ఉన్నంతసేపు నిద్రలోనే ఉంటుంది, బ్యాకప్‌లోకీ అలాగే పోతుంది. క్లర్కు దాన్ని డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ కొట్టినప్పుడే లేస్తుంది. కాబట్టి చూడాల్సింది డేటాబేస్‌లో ఇన్‌సర్ట్ చేయకముందే.

నేను వాడేది క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్. ఉచితం, సోర్సు తెరిచి ఉంటుంది, ఇప్పుడు సిస్కో చూసుకుంటోంది. డబ్బు పెట్టి కొనేవాటిలో మంచివి దీనికంటే ఎక్కువే పట్టుకుంటాయి, అందులో దాపరికం లేదు. అయినా ఏమీ లేకపోవడం కన్నా ఇది చాలా నయం. దాని క్లామ్‌డీ అనే సర్వీసు 3310 పోర్టులో వింటూ ఉంటుంది, మన అప్లికేషన్ ఇన్‌స్ట్రీమ్ అనే ఆదేశం పంపి, ఫైలును ముక్కలుగా, ప్రతి ముక్క ముందు దాని సైజు 4 బైట్లలో పెట్టి పంపుతుంది, చివర్లో సున్నా సైజు పంపితే అయిపోయినట్టు. ఫైలును డిస్కు మీద దాచే పని కూడా లేదు. వైరస్ ఉంటే దాని పేరు పక్కన ఫౌండ్ అని, లేకపోతే ఓకే అని వస్తుంది.

ఇంతవరకు అందరూ బాగానే రాస్తారు. తర్వాత వచ్చే ఇఫ్ కండిషన్ దగ్గరే తంటా. జవాబులో ఫౌండ్ ఉంటే తిప్పి పంపు, లేకపోతే సేవ్ చెయ్యి అని రాసిన కోడు ఎన్నోచోట్ల చూశాను. క్లామ్‌డీ ఎర్రర్ కూడా పంపుతుంది, పంపే ఫైలు సైజుకు పెట్టిన స్ట్రీమ్ పరిమితి దాటితే అదే వస్తుంది. అందులో ఫౌండ్ అనే మాట ఉండదు కాబట్టి ఆ కోడు ప్రకారం ఫైలు శుభ్రం! సర్వీసే పడిపోయినా, ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్ బ్లాకులో లాగ్ రాసేసి ముందుకు పోతుంది. సర్వీసు పడిపోవడం అరుదు కూడా కాదు. వైరస్‌లను పోల్చుకునే గుర్తులన్నీ మెమరీలోకి ఎక్కించుకోవడానికే దానికి ఒక జీబీ పైన కావాలి, కొత్త గుర్తులు వచ్చినప్పుడు పాతవి ఉంచుకునే కొత్తవి ఎక్కిస్తుంది కాబట్టి కాసేపు దాదాపు రెట్టింపు అవుతుంది. చవగ్గా అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ (వీపీఎస్) అంత మోయలేదు, మెమరీ చాలక లైనక్స్ క్లామ్‌డీని చంపేస్తుంది.

ఇంకోటి మరీ కనిపించదు. స్ట్రీమ్ పరిమితి పెంచి, స్కాన్ చేసే ఫైలు సైజు పరిమితి మాక్స్‌ఫైల్‌సైజ్ పెంచకపోతే, పెద్ద ఫైలును క్లామ్‌డీ చూడకుండానే వదిలేసి ఓకే అంటుంది. అలర్ట్‌ఎక్సీడ్స్‌మాక్స్ అనే సెట్టింగ్ యెస్ చేస్తేనే నోరు విప్పుతుంది. సర్టిఫికెట్లకు పెద్ద సైజు ఎందుకు, అప్‌లోడ్‌నే 5 ఎంబీ దగ్గర ఆపేస్తే సగం టెన్షన్ పోతుంది.

అందుకే టేబుల్లో స్థితి కాలమ్ ఒకటి పెడతాను: చూడాలి, శుభ్రం, వైరస్, చూడలేకపోయాం. అచ్చంగా ఓకే వస్తేనే శుభ్రం, మిగతాదేదైనా డౌన్‌లోడ్ బటన్ కనిపించదు. పక్కనే స్కాన్ చేసిన తేదీ కూడా, ఎందుకంటే ఇవాళ గుర్తు లేని వైరస్‌కు వచ్చే వారం గుర్తు రావచ్చు, రాత్రిపూట పాతవాటిని మళ్లీ చూడాలి.

ఆధార్‌తో వేరే గొడవ. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైటు నుంచి దింపిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. స్కానర్‌కు లోపల ఏముందో కనిపించదు. పాస్‌వర్డ్ ఉన్నవాటిని పట్టుకునే అలర్ట్‌ఎన్‌క్రిప్టెడ్ సెట్టింగ్ ఆన్ చేస్తే పిల్లల ఆధార్‌లన్నీ వైరస్‌లైపోతాయి, ఆఫ్ చేస్తే పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లు కూడా దూరిపోతాయి. జిప్‌లకు, డాక్యుమెంట్లకు వేర్వేరు సెట్టింగులున్నాయి కాబట్టి జిప్‌లది ఆన్ చేసి, పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌ను మాత్రం అప్లికేషనే గుర్తుపట్టి "పాస్‌వర్డ్ తీసి పెట్టండి" అని తెలుగులో చెప్పేలా చేశాను.

అనుమానం వచ్చిన ఫైలును, చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో వేసి చూద్దామని కొందరంటారు. వద్దు. అక్కడ వేసిన ఫైలు వాళ్లకు డబ్బు కట్టే కంపెనీలకు అందుబాటులోకి పోతుంది, అది ఒకరి ఆధార్ అని మర్చిపోకండి.

పెట్టినదాన్ని పరీక్షించడానికి ఐకార్ ఫైలు ఉంది, 68 అక్షరాల ఉత్త టెక్స్ట్, ఎవరికీ హాని చేయదు, దాన్ని చూస్తే వైరస్ అనాలని యాంటీవైరస్‌లన్నీ ఒప్పుకున్నవే. విండోస్‌లో సేవ్ చేయబోతే దాని సొంత యాంటీవైరస్ డిఫెండర్ ముందే మింగేస్తుంది కాబట్టి లైనక్స్‌లోనే తయారు చేసుకోండి. మామూలుగా ఒకసారి, జేపీజీ అని పేరు మార్చి ఒకసారి, జిప్‌లో పెట్టి ఒకసారి పంపండి. ఆ తర్వాత క్లామ్‌డీని ఆపేసి మళ్లీ పంపి, టేబుల్లో ఏం పడిందో చూడండి.