కొండెక్కిన హీటరు

మేం వెళ్లింది కొండ మీద సూర్యోదయం చూడడానికి. ఆ నాలుగు రోజుల్లో నేను కళ్లప్పగించి చూసింది మాత్రం ఒక పైపులోంచి కారిన గోధుమరంగు నీళ్లని.

మా కారుకు పందొమ్మిదేళ్లు. మైదానంలో ఎంత దూరమైనా పేచీ పెట్టదు కదా అని ధైర్యంగా బయలుదేరాం. మొదటి రోజు గురించి చెప్పడానికేమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతుంటే, ఏడో ఎనిమిదో మలుపు దాటాక టెంపరేచర్ ముల్లు సగం గీత దాటి పైకి పాకింది. ఏసీ ఆపేశాను. తగ్గలేదు. అప్పుడు పాత చిట్కా ఒకటి గుర్తొచ్చింది. ఇంజన్ వేడెక్కితే హీటర్ ఫుల్లుగా పెట్టాలి. డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్ కూడా ఓ బుల్లి రేడియేటరే కాబట్టి, ఇంజన్ వేడి కొంత మన కాళ్ల మీదికి వచ్చేస్తుంది. నాబ్ ఎర్ర గీత చివరిదాకా తిప్పాను. చల్లగాలి వచ్చింది. ముందు ఇంజన్ ఉడికిపోతోంది, పక్కన మా ఆవిడ శాలువా కప్పుకుంటోంది!

వెడల్పుగా ఉన్న మలుపు దగ్గర ఆపి బానెట్ ఎత్తాను. తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశానో లేదో, "ముట్టుకోకు బాబూ!" అని వెనక నుంచి కేక. అక్కడే ఆగి ఉన్న లారీ డ్రైవరు. అరవై దాటిన మనిషి.

"మూత బిగిసి ఉన్నంతసేపే అవి నీళ్లు. తీశావంటే మొహం మీదికి ఆవిరే" అన్నాడు. నిజమే. ఒత్తిడి ఉండబట్టే ఆ నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు, టెన్షన్‌లో చదివిందేదీ గుర్తురాలేదు.

ఆయన బానెట్ లోపలికి వంగి, ఇంజన్‌కీ డాష్‌బోర్డుకీ మధ్య రేకుగోడలోకి వెళ్లే రెండు హోసు పైపుల్ని చేతి వెనక భాగంతో తాకాడు. నన్నూ తాకమన్నాడు. ఒకటి చురుక్కుమంది. రెండోది గోరువెచ్చగా ఉంది.

"వేడినీళ్లు లోపలికి పోతున్నాయి, తిరిగి రావడానికి దారి లేదు. ఇన్నాళ్లూ ఏం నీళ్లు పోశావు?"

"బోరు నీళ్లే బాబాయ్."

"మీ ఇంట్లో బకెట్‌కి తెల్లపొర కట్టదూ? దీనికీ అదే."

అంతటితో అయిపోలేదు నా నిర్వాకం. ఇంజన్‌ని చల్లబరచడానికి నీళ్లలో కలిపే కూలెంట్ కూడా ఒకసారి పచ్చది, ఇంకోసారి ఎర్రది, ఏది దొరికితే అది కలిపాను. కొన్ని రకాలు ఒకదానికొకటి పడక జిగురులా చిక్కబడతాయి. రెండేళ్ల క్రితం రేడియేటర్ కాస్త కారుతోందని లీకు మూసే పొడి కూడా వేశాను. చిల్లు ఎక్కడుందో పొడికేం తెలుసు? సన్నటి సందు కనపడిన చోటల్లా చేరుతుంది. హీటర్ కోర్‌లో ఉన్నవన్నీ సన్నటి సందులే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక నీళ్లు నింపుకుని, రెండు మలుపులకోసారి ఆపుకుంటూ చీకటి పడేసరికి పైకి చేరాం. లారీ సరుకు కూడా అక్కడే దించాలట. పొద్దున్నే వస్తానన్నాడు, వచ్చాడు. సూర్యోదయానికి పిల్లలూ వాళ్లమ్మా వెళ్లారు. నేను కారు కింద పడుకున్నాను.

క్లాంపులు విప్పినా హోసులు కదల్లేదు. పట్టి మెలి తిప్పబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "హోసు పోతే ఇంకోటి వస్తుంది. లోపలి పైపు విరిగితే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి." బ్లేడుతో హోసు అంచును నిలువుగా చీల్చి, అరటితొక్కలా ఒలిచాడు. చివర కత్తిరించినా మళ్లీ తొడగడానికి సరిపడా పొడవు మిగిలింది.

బస చేసిన చోట మొక్కలకు నీళ్లు పెట్టే పైపును కోర్‌లోకి నీళ్లు పోయే వైపు కాకుండా, బయటికొచ్చే వైపు పెట్టాం. ఇరుక్కున్న చెత్తను ఇంకా లోపలికి నెట్టకూడదు, వచ్చిన దారినే పంపాలి. నేను ఉత్సాహంగా కొళాయి మొత్తం తిప్పేసి తిట్లు తిన్నాను. పాత కోర్ రేకులు పల్చగా ఉంటాయి, జోరు ఎక్కువైతే పగిలిపోతాయట. ధార తగ్గించాం. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత నాలుగు చుక్కలు. ఉన్నట్టుండి భళుక్కున బురద కక్కింది. చేప పొలుసుల్లాంటి తుప్పు పెచ్చులు, మధ్యలో పచ్చటి జిగురు ఉండలు. ఒక ఉండను వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడింది. పైపును అటోసారి ఇటోసారి మార్చి ఆరేడు సార్లు పట్టాక నీళ్లు తేటపడ్డాయి.

ఇంతలో ఓ కుక్క బకెట్ వాసన చూడబోయింది. ఆయన కంగారుగా అదిలించాడు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, తాగితే ప్రాణం పోతుంది. పాతదంతా డబ్బాల్లోకి పట్టి మూతలు బిగించాం.

రేడియేటర్, ఇంజన్ కడగడం త్వరగానే అయింది. ఇంజన్ వేడెక్కాకే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్‌ని ఊడదీసి కడిగి మళ్లీ బిగించాం. కూలెంట్ డబ్బా నా డిక్కీలోనే ఉంది. అందులో సగానికి సగం కలపడానికి డిస్టిల్డ్ వాటర్ కావాలి. కొండ మీద ఎక్కడ దొరుకుతుంది? బస చేసిన చోట ఇన్వర్టర్ బ్యాటరీ కోసం దాచిన క్యాన్లు అడుక్కున్నాను.

ఇక పైపుల్లో చిక్కుకున్న గాలి తియ్యడం. కారు మూతి ఎత్తు వైపు తిప్పి, రేడియేటర్ మూత తీసి ఉంచి, హీటర్ ఫుల్లుగా పెట్టి ఇంజన్ ఆన్ చేశాం. డాష్‌బోర్డు వెనక హుక్కా పీలుస్తున్నట్టు గుడగుడ. ఆయన హోసుల్ని పిసుకుతుంటే బుడగలు పైకొస్తున్నాయి. పావుగంటకు థర్మోస్టాట్ తెరుచుకున్నట్టుంది, నీళ్లు గబుక్కున కిందికి దిగాయి. మళ్లీ నింపాం. గుడగుడ ఆగింది. కాళ్ల దగ్గర పెట్టిన నా చేతికి వేడిగాలి తగిలింది. "బాబాయ్, వచ్చింది!" అని అరిచాను. ఆయన అప్పటికే లారీ వైపు నడుస్తున్నాడు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు.

మర్నాడు దిగేటప్పుడు ముల్లు సగం గీత దగ్గర కుదురుగా కూర్చుంది. పొగమంచులో అద్దం మసకబారితే హీటర్ పెట్టాను, నిమిషంలో తేటపడింది. ఘాట్ దిగాం, మైదానంలోకి వచ్చాం, ఎండ మాడుస్తోంది.

"ఏమండీ, ఇకనైనా ఆ హీటర్ ఆపుతారా?" అంది మా ఆవిడ.

ఇంకో రెండు కిలోమీటర్లు చూసి ఆపాను.