రెండో బెజ్జం సంగతి

మౌత్ ఆర్గాన్ కొన్నవాళ్లంతా ముందు పాట కోసం వెతుకుతారు. నన్నడిగితే పాట తర్వాత, ముందు ఒక్క స్వరం నిండుగా పలికించండి అంటాను. స్వరం పీలగా ఉంటే ఎంత మంచి పాటైనా తిరునాళ్లలో పిల్లలు ఊదే పీపీలాగే ఉంటుంది.

నాది పది బెజ్జాల డయాటానిక్ (ఒకే స్కేలు స్వరాలుండే రకం), సి స్కేలు. ఇందులో మూడో బెజ్జం ఊదినా, రెండో బెజ్జం పీల్చినా పలికేది ఒకటే స్వరం, జి. కొత్తవాళ్లకి ఊదితే చక్కగా వస్తుంది. పీలిస్తే మూలుగుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. వెంటనే పీసు పాడైందనుకుని షాపుకి పరిగెత్తుతారు. చాలావరకు పీసు బాగానే ఉంటుంది, తేడా అంతా నోట్లోనే. గట్టిగా లాగుతుంటే నాలుక వెనకభాగం పైకి లేచి, నోటిలోపల దారి ఇరుకై, స్వరం కిందికి జారుతుంది. (బ్లూస్ వాళ్లు కావాలని చేసే బెండ్ ఇదే. మనకి తెలియకుండా జరిగితే మాత్రం అపశ్రుతి.) దవడ కాస్త కిందికి వదిలేయండి. ఆవులింత వచ్చేముందు గొంతు తెరుచుకుంటుంది చూడండి, అలా ఉంచి మామూలుగా ఊపిరి తీసుకోండి. కదలాల్సింది పొట్ట, బుగ్గలు కాదు. పెదాలు కూడా అంచులతో తాకిస్తే చాలదు, లోపలి తడిభాగం తగిలేంత లోతుగా పెట్టుకోవాలి. మూడు ఊది, రెండు పీల్చి, రెండూ ఒకేలా వినపడేదాకా ఇదే పని. విసుగే, కాదనను.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. భోజనాల టైములో మిషన్లు ఆగగానే, నిలబెట్టిన గెలాక్సీ (నల్ల గ్రానైట్) స్లాబుల ముందు మూరెడు దూరంలో నిలబడి వాయిస్తాను. మామూలుగా మన శబ్దం ముందుకి పోతుంది, మనకి సరిగ్గా వినపడదు. పాలిష్ పట్టిన నల్లరాయి దాన్ని ఉన్నదున్నట్టు తిప్పి మొహాన కొడుతుంది. పాలిష్ లైను మీద పనిచేసే పెద్దాయన ఒకరోజు అన్నం తింటూ, "ఏంది సార్, ఇయ్యాల జలుబు చేసిందా?" అన్నాడు. నాకు జలుబు లేదు, గాలి కొంత ముక్కులోంచి పోతోంది. అది తెలుసుకోవడం తేలిక: వాయిస్తూనే వేళ్లతో ముక్కు మూయండి. స్వరం మారిందంటే ముక్కు లీకవుతున్నట్టే.

షాపుల్లో ఎక్కువగా అంటగట్టే ట్రెమొలో రకం మౌత్ ఆర్గాన్‌తో మాత్రం ఈ సాధన కుదరదు. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు (గాలికి కంపించి పలికే సన్నటి రేకులు) ఉంటాయి, వాటి శ్రుతిలో చిన్న తేడా పెడతారు. ఆ వణుకు వినడానికి బాగుంటుంది, కానీ మన పీలస్వరాన్ని కప్పేస్తుంది.

మా దగ్గర రాతిపొడి ఎక్కువ. రీడు పక్క సందులో చిన్న నలుసు ఇరుక్కున్నా మూగబోతుంది, అందుకే జిప్ కవర్లో పెట్టి సొరుగులో దాస్తాను. టీ తాగిన నోటితో వాయించకండి, చక్కెర రీడ్లకి అంటుకుంటుంది. పుక్కిలించి మొదలుపెట్టి, అయ్యాక బెజ్జాలు కిందికి తిప్పి అరచేతిలో నాలుగు దెబ్బలు తట్టండి.