ఎండాకాలం గ్రీన్ టీ, చేదెక్కకుండా

రోహిణి కార్తెలో మా శ్రీకాకుళం వైపు ఎండ కన్నా ఉక్క ఎక్కువ. చెమట ఆరదు, వేడి టీ గ్లాసు ముట్టబుద్ధి కాదు. పోనీ చల్లటి గ్రీన్ టీ చేద్దామని దిగినవాళ్లు చాలామంది ఒక్కసారి చేసి, చేదు అని డబ్బా మూలన పడేస్తారు. ఆ చేదు ఆకు తప్పు కాదు, తెర్లే నీళ్ల తప్పు. పాల టీ పెట్టే చెయ్యి కదా, గిన్నె పొయ్యి మీద ఉండగానే ఆకు వేసేస్తుంది.

గ్రీన్ టీ ఆకుని కోసిన కాసేపటికే ఆవిరి పట్టో, మూకుట్లో వేయించో ఆరబెడతారు. అందుకే మామూలు టీ పొడిలా నల్లబడదు. వగరుకీ చేదుకీ మూలమైన కాటెచిన్లు, కెఫీన్ వేడి నీళ్లలోకి గబగబా దిగిపోతాయి. చన్నీళ్లలోకి తక్కువ దిగుతాయి, అదీ నెమ్మదిగా. నాలుక మీద కమ్మగా ఉండే థియనైన్ మాత్రం చన్నీళ్లలోకీ బాగానే వస్తుంది. అందుకని ఈ కాలానికి పొయ్యి వెలిగించని పద్ధతే మేలు.

లీటరు నీళ్లకి 8 నుంచి 10 గ్రాముల ఆకు. తూకం లేకపోతే టీ చెంచాతో నాలుగైదు తలకొట్టు చెంచాలు. గుండ్రంగా ఉండ చుట్టిన రకమైతే బరువెక్కువ, మూడు చాలు. టీ బ్యాగులైతే ఐదారు. గాజు సీసాలోనో స్టీలు చెంబులోనో వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో 6 నుంచి 8 గంటలు ఉంచాలి. రాత్రి పడుకునేముందు పెడితే పొద్దున్నకి సిద్ధం. వడగట్టేటప్పుడు ఆకుని పిండొద్దు, పిండితే అడుగున దాక్కున్న వగరంతా దిగుతుంది. వడగట్టాక ఆ రోజే తాగేయాలి. మర్నాటికి రంగు గోధుమకి తిరుగుతుంది, వాసన చచ్చిపోతుంది.

ఫ్రిజ్ బదులు మట్టికుండలో నానబెడితే పోలా అని అడుగుతారు. వద్దు. కుండ చల్లబడేది నీరు ఆవిరైతేనే. గాలిలో తేమ నిండిన రోజున ఆ చల్లదనం అంతంత మాత్రమే. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానిన ఆకు పులిసిన వాసన కొడుతుంది, కడుపుకీ మంచిది కాదు. పైగా కుండకి టీ వాసన పట్టుకుంటే తర్వాత మంచినీళ్లు తాగలేం. రాత్రి కరెంటు చాలాసేపు పోయి సీసా వెచ్చబడిందంటే, ఆ టీ మీద ఆశ వదులుకోవడమే.

అన్నిటికన్నా ముందు నీళ్లు చూసుకోవాలి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే టీ నల్లగా, సిరా కలిపినట్టు అవుతుంది. ఆకులోని వగరు ఇనుముతో కలిస్తే అంతే. ఇనప మూకుడు, తుప్పు పట్టిన జాలి వాడినా ఇదే సంగతి. సున్నం ఎక్కువున్న నీళ్లయితే టీ మబ్బుగా, పైన తెట్టు కట్టినట్టు ఉంటుంది, రుచి చప్పబడుతుంది. గీజరు కాయిల్ మీద, కుక్కరు అడుగున తెల్ల పెచ్చు కట్టే ఇంట్లో తాగే నీళ్ల టిన్నులోంచి తీసి పెట్టుకోవడం నయం. ఒకే ఆకుని రెండు గ్లాసుల్లో, రెండు రకాల నీళ్లతో నానబెట్టి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది.

చుట్టాలు గుమ్మంలో ఉన్నారు, ఆరు గంటలు ఆగే వీల్లేదు అంటే ఐసు మీద పోసే పద్ధతి ఉంది. తెర్లిన నీళ్లు రెండు వంతులు, మామూలు నీళ్లు ఒక వంతు కలపండి. మన ఎండాకాలం నీళ్లతో అది దాదాపు 75 డిగ్రీలకి వస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు. ఆ నీళ్లు 250 మిల్లీలీటర్లు తీసుకుని 6 గ్రాముల ఆకు వేసి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు, మహా అయితే రెండున్నర. వెంటనే 200 గ్రాముల ఐసు మీదకి వడగట్టాలి. ఫ్రిజ్ ట్రేలో చేసినవి పది పన్నెండు ముక్కలు. ఐసు దాదాపు అంతా కరిగి, టీ చల్లగా, సరైన చిక్కదనానికి వస్తుంది. ఐసు తగ్గిస్తే గోరువెచ్చగా మిగులుతుంది. ఆకు తగ్గిస్తే నీళ్లలా ఉంటుంది.

నిమ్మకాయ వడగట్టాకే పిండాలి. చక్రాలు కోసి రాత్రంతా వేస్తే తొక్క కింది తెల్లటి పొర చేదు దిగుతుంది. నిమ్మ పడగానే రంగు తేలిపోతుంది, కంగారు పడొద్దు. పుదీనా నాలుగు రెమ్మలు అరచేతిలో నలిపి చివరి గంటలో వేస్తే చాలు. పంచదార చన్నీళ్లలో త్వరగా కరగదు, గ్లాసు అడుగున ఇసుకలా కూర్చుంటుంది. పటికబెల్లం వేడినీళ్లలో సమానంగా కరిగించి చల్లార్చి ఉంచుకోండి, గ్లాసుకి రెండు చెంచాలు. తాటిబెల్లం పానకానికి బాగుంటుంది కానీ ఇక్కడ ఆకు రుచిని మింగేస్తుంది.

ఉద్దానం కొబ్బరి బొండాం దొరికితే టీ సగం, కొబ్బరినీళ్లు సగం కలిపి చూడండి, తీపి వేరే వేయక్కర్లేదు. తాగే ముందే కలపాలి, ఉంచితే పులుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం ఈ గ్లాసు ఇవ్వొద్దు, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. వాళ్లు రోజుకెన్ని నీళ్లు తాగాలన్నది కూడా డాక్టరు చెప్పిన లెక్కే.

ఇంకోటి, ఎండన పడి వచ్చినవాళ్లకి ముందు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. చెమటలో పోయిన ఉప్పు గ్రీన్ టీలో లేదు. రక్తం తక్కువున్నవాళ్లు భోజనానికి గంట ముందో, గంట తర్వాతో తాగాలి, అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. కెఫీన్ తగ్గుతుందే తప్ప పోదు, నిద్రపట్టనివాళ్లు సాయంత్రం నాలుగు దాటాక మానుకోవడం మంచిది.

ఆకు డబ్బా ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. సముద్రపు గాలికి తెరిచిన ప్యాకెట్ వారం తిరక్కుండా మెత్తబడుతుంది. బిగుతు మూత స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఎండుచేపలున్న అరలో అసలు వద్దు, టీ ఆకు వాసనలు ఇట్టే లాగేసుకుంటుంది.