చోడంబలిలోకి మిరపకాయ: నాలుగు వారాల లెక్క

విజయనగరం వైపు వేసవి పొద్దున చోడంబలి (రాగి అంబలి)లోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవడం మామూలే. ఆ మిరపకాయ ఒంట్లో కొవ్వు కరిగిస్తుందని చాలామంది అంటారు. నిజమెంతో తేల్చుకోవడానికి నాలుగు వారాలు తూకం చూసుకుంటూ తిన్నాను.

అంబలి కొలత ఎప్పుడూ ఒకటే. నాలుగు పెద్ద చెంచాల చోడి పిండి రాత్రే గ్లాసు నీళ్లలో కలిపి పులవనివ్వాలి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగాక ఆ పిండి పోసి, ఉండకట్టకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడికించాలి. చల్లారాక ఉప్పు, మజ్జిగ.

మిరపకాయ మొదటి వారం సగం, తర్వాత రోజుకొకటి. కారమంతా గింజల్లోనే ఉందనుకుంటాం. కాయను నిలువునా చీల్చి చూడండి, గింజలు పట్టుకున్న తెల్లటి ఈనె కనిపిస్తుంది. కారానికి మూలమైన కాప్సైసిన్ అనే పదార్థం పుట్టేది అందులోనే, గింజలకు దాన్నుంచే అంటుతుంది. కారం ఓర్చుకోలేనివాళ్లు ఆ ఈనెను చెంచా మొనతో గీకేస్తే చాలు.

నోట్లో నిజంగా కాలేదేమీ లేదు. 43 డిగ్రీలు దాటిన వేడికి మేలుకునే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం నరాల కొసల్లో ఉంటుంది. కాప్సైసిన్ దాన్నే తట్టి లేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని పట్టుకున్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నోరు కాలుతోందన్న కబురు అందగానే ఒళ్లు చల్లబరచుకోవడానికి చెమట పోస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ కూడా ఊరుతుంది, అది ఒంట్లో కేలరీల ఖర్చు కాస్త పెంచుతుంది. ఆ అదనపు ఖర్చు రోజుకు పదుల కేలరీల్లోనే. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 ఉంటాయి. బజ్జీ రూపంలో మిరపకాయ తింటే లెక్క అక్కడే తలకిందులు.

చెమట పోశాక తూకం తగ్గినట్టు కనిపిస్తుంది, నీళ్లు తాగగానే మళ్లీ వస్తుంది. అందుకే దొడ్డికి వెళ్లొచ్చాక, అంబలి తాగకముందు, రోజూ ఒకే వేళకు చూడాలి. నాలుగు వారాల్లో ముల్లు అర కిలో అటూ ఇటూ ఊగిందే తప్ప దిగలేదు. పదిగంటల టిఫిన్ మీదకు మాత్రం మనసు పోలేదు. ఆ మంచిపేరు నేను చోళ్ల పీచుకే ఇస్తాను.

మూడో వారానికి అదే కాయ చప్పగా తోస్తుంది. నరాలు అలవాటుపడి మొద్దుబారతాయి. అప్పుడు రెండో కాయ తీసుకోబుద్ధేస్తుంది, తీసుకోకూడదు. ఆ గ్రాహకాలు పేగుల చివరిదాకా ఉంటాయి, మర్నాటి మంటకు కారణమదే. మొలలు, కడుపులో పుండు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. మిగతావాళ్లయినా పరగడుపున కొరకొద్దు, ముందు అర గ్లాసు అంబలి తాగాలి. మంట పుడితే నీళ్లు పనిచేయవు, కాప్సైసిన్ నీళ్లలో కరగదు. చిక్కటి మజ్జిగలోని కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. కాయ చీల్చిన చేతులకు ముందు నూనె రాసి, ఆ తర్వాతే సబ్బు పెట్టి కడగాలి. అంతవరకూ కన్ను నలపొద్దు.