రెడ్ బ్రెస్టెడా, టైగానా? ముందు తోక మొదలు చూడండి

చలికాలంలో మన తోటల్లో, అడవి అంచుల్లో గోధుమరంగు చిన్న ఫ్లైక్యాచర్ (పురుగులను పట్టి తినే పిట్ట) కనిపిస్తుంది. పొడవు 11-12 సెంటీమీటర్లే. తోక టక్కున పైకెత్తి, రెక్కలు కాస్త కిందికి దించుతుంది. నల్లటి తోక మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలు. ఇంతవరకూ రెడ్ బ్రెస్టెడ్, టైగా అనే రెండు ఫ్లైక్యాచర్ జాతులూ ఒకేలా ఉంటాయి.

చాలామంది వెంటనే గొంతు మీద ఎరుపు కోసం వెతుకుతారు. కానీ మనకు ఎదురయ్యేవాటిలో ఆడవి, పిల్లవి చాలానే ఉంటాయి, వాటికి ఎరుపు ఉండదు. రెడ్ బ్రెస్టెడ్ మగపిట్టకైనా మొదటి ఏడాది రాదు.

నడుము నుంచి తోక మొదలును కప్పుతూ వచ్చే ఈకలే అసలు గుర్తు. టైగాలో అవి కాటుకలాంటి నలుపు, తోక కన్నా చిక్కన. రెడ్ బ్రెస్టెడ్‌లో గోధుమ లేదా ముదురు బూడిద రంగు. ఎంత ముదురైనా తోకను మించవు. అందుకే ఆ ఈకలను అదే పిట్ట తోకతో పోల్చాలి. నీడలో కూర్చుంటే అన్నీ నల్లగానే కనిపిస్తాయి, అక్కడ తొందరపడకూడదు. తోకెత్తినప్పుడు వెనక నుంచి నాలుగైదు ఫొటోలు తీస్తే తేలిపోతుంది.

తర్వాత ముక్కు. టైగాది పూర్తిగా నలుపు. రెడ్ బ్రెస్టెడ్ కింది ముక్కు మొదట్లో లేత రంగు ఉంటుంది, అది కింద నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. రొమ్ము రెడ్ బ్రెస్టెడ్‌కు లేత పసుపు గోధుమ, టైగాకు చల్లని బూడిద తెలుపు. రొమ్మును మాత్రం ఒంటరి సాక్ష్యంగా తీసుకోకండి, ఎండ పడితే రంగు మారిపోతుంది.

మగపిట్ట దొరికితే ఎరుపు ఎక్కడ ఆగిందో చూడండి. టైగాలో గొంతు వరకే, దాని కింద బూడిద పట్టీ. రెడ్ బ్రెస్టెడ్ పెద్ద మగపిట్టల్లో రొమ్ము మీదికి జారుతుంది. టైగా మగది చలికాలంలో సాధారణంగా ఆ ఎరుపు వదిలేసి, వెళ్లేముందు మళ్లీ తెచ్చుకుంటుంది. కాబట్టి డిసెంబరులో నిండు ఎర్ర గొంతు కనిపిస్తే రెడ్ బ్రెస్టెడ్ వైపే మొగ్గు.

చెవి కూడా పనిచేస్తుంది. రెండూ "ట్ర్‌ర్‌ర్" అంటాయి. రెడ్ బ్రెస్టెడ్ నెమ్మది, చప్పుడు చప్పుడుకీ మధ్య ఖాళీ తెలుస్తుంది. టైగాది కీచురాయిలా పొడిగా, గబగబా సాగుతుంది.

ఇవేవీ తేలకపోతే, చూసిన పిట్టలను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రెండు పేర్లూ కలిపి ఉన్న ఎంట్రీ ఎంచుకోండి.